పాత కుట్టుమిషనూ, పక్కనుంచి పడే వెలుతురూ

పాత కుట్టుమిషను ఒకటి బల్ల మీద ఉందనుకోండి. చేత్తో తిప్పే చక్రం ఉన్న రకం. పోత ఇనుము ఒళ్లు, దాని మీద నిగనిగలాడే నల్ల పూత, ఆ నలుపు మీద బంగారు రంగు తీగలూ పువ్వులూ. సూది ఉన్న వైపు నికెల్ పూత వేసిన పలక, కింద చెక్క పీఠం. ఫోటోకి ఇంతకన్నా అందమైన వస్తువు ఏముంటుంది అనిపిస్తుంది. తీరా నాలుగు ఫోటోలు తీసి చూసుకుంటే తెర మీద ఉండేది వేరు. ఒక నల్లటి ముద్ద, దాని మీద తెల్లగా మెరిసిపోతున్న కిటికీ చతురస్రం, కనపడీ కనపడకుండా బంగారు పువ్వులు, నికెల్ పలకలో మన చొక్కా రంగు.

ఇలాంటి మిషనుతో నేను చాలా రోజులు కుస్తీ పట్టాను. అప్పట్లో నేను చదివినవాటిలో, చూసిన వీడియోల్లో కంపోజిషన్ ఒక పాఠం, టెక్స్చర్ ఇంకో పాఠం. వస్తువుని ఫ్రేములో ఎక్కడ పెట్టాలో మొదటిది చెబుతుంది. దాని గరుకునీ నునుపునీ ఎలా చూపించాలో రెండోది చెబుతుంది. మన పని కూడా అదే వరసలో సాగుతుంది. ముందు వస్తువుని సర్దుతాం, తర్వాత ఫ్రేము చూసుకుంటాం, ఫోటో తీసేస్తాం, చివర్లో కంప్యూటర్ ముందు కూర్చుని టెక్స్చర్ స్లయిడర్‌ని కుడివైపుకి లాగుతాం. పాత వస్తువుల విషయంలో ఈ వరస తలకిందులుగా ఉందని నా నమ్మకం. ముందు ఆ వస్తువు మీద ఏ గుర్తుని చూపించాలో తేల్చుకోవాలి. ఆ గుర్తు ఏ వెలుతురులో కనపడుతుందన్నదాన్ని బట్టి లైటు చోటు తేలుతుంది. లైటు చోటు తేలాక కెమెరా ఎక్కడ నిలబడాలో దాదాపు దానంతటదే తేలిపోతుంది. ఫ్రేములోని మిగతా సంగతులన్నీ ఆ తర్వాతే.

ఫోటోగ్రఫీ పుట్టినప్పుడే గుర్తు, వెలుతురు, ఫ్రేము ఈ మూడూ కలిసే ఉన్నాయి. 1837లో, ఫోటోగ్రఫీని కనిపెట్టినవాళ్లలో ఒకడైన లూయీ డగేర్ తన స్టూడియో మూల ఒకదాన్ని ఫోటో తీశాడు. అందులో ప్లాస్టర్ బొమ్మలు, ఒక తెర, ఫ్రేము కట్టిన బొమ్మ ఒకటి, వాటితోపాటు గోడకి వేలాడుతున్న, పేము అల్లిక తొడిగిన సీసా ఉన్నాయి. అప్పట్లో ఎక్స్‌పోజర్‌కి చాలాసేపు పట్టేది కాబట్టి కదలని వస్తువులే దిక్కు. కానీ ఆయన ఎంచుకున్న వస్తువులు చూడండి. తెల్లని ప్లాస్టర్ మీద వెలుతురు మెల్లగా నీడలోకి జారుతుంది, అల్లిక మీద ఒక్కో పుల్లకీ ఒక్కో నీడ పడుతుంది. వెలుతురు ఎక్కడ బాగా పనిచేస్తుందో చూసుకునే ఆ మూల సర్దినట్టు ఉంటుంది.

మూడు రకాల పాతదనం

పాత వస్తువు మీద కనపడేదంతా ఒకే రకం పాతదనం అనుకుంటాం. కుట్టుమిషనుని దగ్గరగా చూస్తే మూడు రకాలు విడివిడిగా కనపడతాయి. బంగారు తీగలు, నికెల్ పలక మీద చెక్కిన డిజైను, పోత ఇనుము ఒంపు, ఇవి తయారుచేసినవాళ్లు ఇచ్చినవి. సూది ముందు గుడ్డ జారుతూ వెళ్లే చోట బంగారు పువ్వులు పూర్తిగా చెరిగిపోయి ఉంటాయి. చెయ్యీ గుడ్డా తగలని వెనకవైపు మాత్రం అవే పువ్వులు నిన్ననే అతికించినట్టు ఉంటాయి. చక్రం అంచున వేళ్లు ఆనే చోట నికెల్ పలచబడి ఉంటుంది. పీఠానికి ఒక మూల వార్నిష్ పోయి చెక్క తేలి ఉంటుంది, ఎత్తేటప్పుడు చెయ్యి పట్టేది అక్కడే కాబట్టి. ఇవన్నీ వాడినవాళ్లు ఇచ్చినవి. ఇక మూడో రకం, ఎవరూ ముట్టుకోకుండా వదిలేసిన ఏళ్లు ఇచ్చినది. స్క్రూల చుట్టూ తుప్పు, కీళ్ల దగ్గర గట్టిపడి గోధుమరంగుకి తిరిగిన నూనె, సందుల్లో పేరుకున్న ధూళి.

చాలా ఫోటోలు ఈ మూడో రకం దగ్గరే ఆగిపోతాయి. తుప్పూ దుమ్మూ చూడగానే పాతది అని తెలిసిపోతుంది కాబట్టి అది సులువైన దారి. నాకు మాత్రం ఎప్పుడూ రెండో రకమే విలువైనదిగా కనపడుతుంది. తుప్పు ఏ ఇనుము మీదైనా పడుతుంది. కానీ ఈ పువ్వు సగం చెరిగి సగం మిగిలిందంటే, ఒక మనిషి ఈ మిషను ముందు కూర్చుని, గుడ్డని ఎడమచేత్తో ఈ కోణంలోనే నడిపిందన్నమాట. ఆ చెరిగిన భాగానికీ మిగిలిన భాగానికీ మధ్య ఒక సరిహద్దు ఉంటుంది. బంగారం ముందు మసకబారుతుంది, తర్వాత చుక్కలుగా విడిపోతుంది, ఆ తర్వాత ఉత్త నలుపు. అరంగుళం మేర ఉండే ఆ చోటే నా ఫోటో. పూర్తిగా చెరిగిపోయిన చోట చూడటానికి ఏమీ ఉండదు, అసలు చెరగని చోట కొత్తదానికీ పాతదానికీ తేడా తెలియదు. రెండూ కలిసే చోట కన్ను తనంతట తనే పోల్చి చూసుకుంటుంది.

కాబట్టి కెమెరా ముట్టుకునే ముందు ఒక పది నిమిషాలు వస్తువుని చేత్తో పట్టుకుని, చిన్న టార్చిలైటు వేసి అన్నివైపులా తిప్పి చూడటం మంచిది. ఎక్కడ వేళ్లు ఆనాయి, ఎక్కడ రాపిడి పడింది, ఎక్కడ ఎవరో మరమ్మతు చేయించారు అని. ఒక స్క్రూ మాత్రం మిగతావాటికన్నా కొత్తగా ఉండొచ్చు. హ్యాండిల్ మీద పిడి మార్చి ఉండొచ్చు. అవి కూడా ఆ వస్తువు చరిత్రే.

తుడవాలా వద్దా అన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది. నేను పాటించేది ఇది: మొన్నమొన్న పడిన దుమ్ముని తీసేస్తాను, ఏళ్ల తరబడి పట్టిన మడ్డిని ఉంచుతాను. కొత్త దుమ్ము ఫోటోలో తెల్లటి చుక్కల్లా పడి వస్తువు ఉపరితలాన్ని కప్పేస్తుంది. మెత్తటి బ్రష్షు, గాలి ఊదే బల్బు చాలు. వేలిముద్రలు మాత్రం తప్పకుండా తుడవాలి, నల్లటి మెరుపు మీద అవి మిగతావన్నిటికన్నా ముందు కనపడతాయి. ఒక హెచ్చరిక కూడా. పాత మిషన్ల మీద బంగారు డిజైన్లని అతికించి, పైన షెల్లాక్ లాంటి వార్నిష్ పూసేవారు. షెల్లాక్ ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. మెరుపు కోసం స్పిరిట్‌తో తుడిస్తే వందేళ్లు నిలిచిన డిజైను ఐదు నిమిషాల్లో గుడ్డకి అంటుకొచ్చేస్తుంది. ఒక చుక్క మిషను నూనె వేసిన మెత్తటి గుడ్డతో ఆగిపోవాలి.

గరుకుని చూపించేది నీడ

చెక్క, తుప్పు, గుడ్డ, రంగు పెచ్చులూడిన ఇనుము లాంటి మెరుపులేని వాటి మీద టెక్స్చర్ అంటే ఏమిటి? ఎత్తుపల్లాలు. కెమెరాకి ఎత్తు తెలియదు, వెలుగూ చీకటీ మాత్రమే తెలుసు. కాబట్టి ప్రతి చిన్న ఎత్తూ ఒక నీడని వేస్తేనే అది ఫోటోలోకి వస్తుంది. ఆ నీడ పొడవు వెలుతురు వచ్చే కోణాన్ని బట్టి ఉంటుంది, కాస్త లెక్క వేస్తే సంగతి తెలిసిపోతుంది. 1 మిల్లీమీటరు ఎత్తున్న గీర మీద వెలుతురు 45 డిగ్రీల వాలుతో పడితే నీడ కూడా 1 మిల్లీమీటరే. లైటుని కిందకి దించి 10 డిగ్రీలకి తెస్తే అదే గీర నీడ దాదాపు 5.7 మిల్లీమీటర్లు సాగుతుంది. 5 డిగ్రీలకి తెస్తే 11 దాటుతుంది. అదే లైటుని నెత్తిమీదకి, 80 డిగ్రీల దగ్గరికి ఎత్తితే నీడ 0.2 మిల్లీమీటరు కూడా ఉండదు. కెమెరా మీదున్న ఫ్లాష్‌తో కెమెరాకి ఎదురుగా ఉన్న గోడనో చెక్కనో తీస్తే అంత చదునుగా వచ్చేది ఇందుకే. వస్తువు మారలేదు, నీడలన్నీ గీరల వెనక దాక్కున్నాయంతే.

శాసనాలు చదివేవాళ్లకి ఈ కిటుకు ఎప్పటినుంచో తెలుసు. నిట్టనిలువుగా పడే మధ్యాహ్నపు ఎండలో కనపడని అక్షరాలు పొద్దున్నో సాయంత్రమో వాలుగా పడే ఎండలో తేలతాయి. మ్యూజియంలలో పాత చిత్రాల మీద రంగు ఎక్కడ పగులుతోందో చూడటానికీ ఇలా పక్కనుంచే లైటు వేస్తారు. దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లిన పద్ధతి ఒకటుంది. 2001లో హ్యూలెట్ ప్యాకార్డ్ పరిశోధనశాలకి చెందిన టామ్ మాల్జ్‌బెండర్, ఆయన సహచరులు ఒక విధానాన్ని ప్రకటించారు. కెమెరానీ వస్తువునీ కదపకుండా, వెలుతురుని మాత్రం ఒక్కో దిక్కునుంచీ వేస్తూ డజన్లకొద్దీ ఫోటోలు తీస్తారు. తర్వాత కంప్యూటర్లో వెలుతురుని ఎటునుంచి కావాలంటే అటునుంచి తిప్పి చూసుకోవచ్చు. 1901లో సముద్రగర్భంలోని ఓడ శిథిలాల నుంచి బయటపడిన ఆంటికిథెరా యంత్రం అనే రెండువేల ఏళ్లనాటి గ్రీకు యంత్రపు ముక్కలని 2005లో ఏథెన్స్‌లో ఇలాగే ఫోటో తీశారు. తుప్పులో కలిసిపోయిన అక్షరాలు చదవడానికి ఆ ఫోటోలూ, వాటితోపాటు తీసిన ఎక్స్‌రేలూ ఎంతో సాయపడ్డాయి. మనకి అంత సరంజామా అక్కర్లేదు. కెమెరాని స్టాండు మీద కదలకుండా పెట్టి, చేతిలో టార్చి పట్టుకుని గడియారం ముల్లులా వస్తువు చుట్టూ తిప్పుతూ పన్నెండు ఫోటోలు తీసి చూడండి. ఒకే చెక్క మీద పన్నెండు రకాల చెక్క కనపడుతుంది. ఏ దిక్కునుంచి వచ్చిన వెలుతురులో మీరనుకున్న గుర్తు బాగా పలికిందో అప్పుడు అనుమానం ఉండదు.

దిక్కు విషయంలో ఒక చిక్కుంది. లైటుని ఫ్రేముకి కిందివైపు నుంచి వేస్తే చాలాసార్లు గుంటలు బొడిపెల్లా, బొడిపెలు గుంటల్లా కనపడతాయి. వెలుతురు పైనుంచి వస్తుందని మన మెదడు ముందే అనుకుని చూస్తుంది కాబట్టి ఇలా జరుగుతుంది. నీడ ఏ అంచున పడిందన్న ఒక్క ఆధారంతో మెదడు లోతుని ఎలా ఊహిస్తుందో మెదడు శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ 1988లో చక్కటి ప్రయోగాలతో చూపించారు. నికెల్ పలక మీద లోపలికి చెక్కిన తీగలు ఉబ్బెత్తుగా అచ్చు వేసినట్టు కనపడితే ఫోటోని తలకిందులుగా తిప్పి చూడండి, మళ్లీ లోపలికి వెళ్లిపోతాయి. అందుకే వస్తువుని పైనుంచి చూస్తూ తీసే ఫోటోల్లో లైటు ఫ్రేము పై అంచు వైపునుంచో, పై మూల నుంచో రావడం క్షేమం.

కోణం తర్వాత లైటు సైజు. వస్తువుతో పోలిస్తే లైటు చిన్నదైతే నీడల అంచులు కత్తిరించినట్టు ఉంటాయి, పెద్దదైతే కరిగిపోతాయి. ఇక్కడ సైజు అంటే వస్తువు దగ్గర్నుంచి చూస్తే ఎంత కనపడుతుందన్నది. మీటరు వెడల్పున్న కిటికీ అరమీటరు దూరంలోని మిషనుకి చాలా పెద్ద లైటు. అదే మిషనుని గది అవతలి మూలకి, నాలుగు మీటర్ల దూరానికి జరిపితే అదే కిటికీ చిన్న లైటు అయిపోతుంది. తుప్పునీ చెక్క ఈనెలనీ గట్టిగా చూపించాలంటే చిన్న లైటు, వాలు కోణం. కానీ మొత్తం వస్తువుకి అలాంటి లైటే వేస్తే ప్రతి గీతా అరుస్తున్నట్టు ఉంటుంది, వస్తువు ఆకారం ఆ గోలలో కలిసిపోతుంది. కిటికీకి ఒక నల్లగుడ్డ కట్టి, పక్కన జానెడు సందు వదిలి చూడండి. సందు వెడల్పుని అటూ ఇటూ మారుస్తుంటే, పెద్ద కిటికీకీ టార్చిలైటుకీ మధ్య ఉన్న అన్ని మెట్లూ దొరుకుతాయి. మొదటి ప్రపంచయుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్న ప్రాగ్ ఫోటోగ్రాఫర్ యోసెఫ్ సుడెక్, 1940లలో, 50లలో తన స్టూడియో కిటికీ దగ్గరే గాజుగ్లాసులూ గుడ్లూ పెట్టి ఏళ్ల తరబడి ఫోటోలు తీశాడు. ఒక కిటికీ వెలుతురు ఎన్ని రకాలుగా మారుతుందో తెలుసుకోవాలంటే ఆ ఫోటోలు చూడాలి.

మెరిసేవాటి దారి వేరు

ఇక్కడిదాకా చెప్పింది నల్లటి నిగనిగల మీద పనిచేయదు. నేను ఎక్కువ రోజులు ఇరుక్కుపోయింది ఇక్కడే.

చెక్క తన మీద పడిన వెలుతురుని అన్ని దిక్కులకీ చెదరగొడుతుంది. కాబట్టి ఎక్కణ్ణుంచి చూసినా చెక్కే కనపడుతుంది. నున్నటి నల్ల పూత అలా కాదు. పడిన వెలుతురులో కొంత లోపలే ఇంకిపోతుంది, మిగిలింది అద్దంలోలా ఒకే దిక్కుకి తిరిగి వెళ్తుంది. మిషను ఒళ్లు మీద మనకి కనపడేదల్లా గదిలోని ఏదో ఒక వస్తువు ప్రతిబింబం. ఎదురుగా చీకటి ఉంటే చీకటే కనపడుతుంది, అప్పుడది నల్లటి ముద్ద. ఎదురుగా కిటికీ ఉంటే కిటికీ కనపడుతుంది, అప్పుడది తెల్లటి చతురస్రం. లైటుని ఎంత పెంచినా నలుపు వెలగదు, దానిలోని కిటికీ ఇంకా మండుతుందంతే.

అందుకే మెరిసేదాన్ని తీసేటప్పుడు దాని మీద ఎంత వెలుతురు వేయాలని అడగకూడదు, దానికి ఏం చూపించాలని అడగాలి. ఒక పెద్ద తెల్ల అట్టని మిషను పక్కన, పైకొమ్ము (సూదిని మోసే అడ్డచెయ్యి) ఒంపులో అది ప్రతిబింబించేలా నిలబెట్టండి. లైటు అట్ట మీద పడాలి, మిషను మీద కాదు. వెంటనే ఆ కొమ్ము పొడవునా ఒక లేత బూడిదరంగు చార పాకుతుంది. ఆ చార ఎక్కడ సన్నబడిందో, ఎక్కడ వంగిందో చూస్తే పోత ఇనుము ఆకారం మొత్తం తెలిసిపోతుంది. అట్టని లైటుకి కాస్త ఏటవాలుగా తిప్పితే ఒక చివర వెలుగు, రెండో చివర నీడ వస్తాయి. అప్పుడు చార అంచు కూడా కత్తిరించినట్టు లేకుండా నలుపులోకి మెల్లగా కరిగిపోతుంది. మొదటిసారి ఇలా చూసినప్పుడు, ఇన్నాళ్లూ నేను ఈ మిషను ఆకారాన్నే చూడలేదా అనిపించింది.

ఈ మెరిసే పూత మీదున్న సన్నటి గీతలకి కూడా తమాషా అయిన గుణం ఉంది. తెల్ల అట్ట ప్రతిబింబం ఉన్న చోట ఆ గీతలు నల్లగా కనపడతాయి. ప్రతిబింబం లేని నల్లటి చోట, పక్కనుంచి చిన్న లైటు వేస్తే అవే గీతలు వెండితీగల్లా మెరుస్తాయి. గీత ఉన్నచోట నునుపు దెబ్బతిని వెలుతురు చెదిరిపోతుంది. చుట్టూ తెల్లగా ఉంటే ఆ చెదిరినదంతా లోటుగా, చుట్టూ నల్లగా ఉంటే లాభంగా లెక్కకి వస్తుంది. గుడ్డ జారిన దారిలో ఏర్పడిన వేల గీతలని చూపించాలంటే రెండో పద్ధతే నాకు నచ్చుతుంది.

బంగారు డిజైను సంగతి మళ్లీ వేరు. అది వార్నిష్ కింద ఉంది కాబట్టి పైన అట్ట ప్రతిబింబం పరుచుకుంటే పువ్వులు వెలిసిపోయినట్టు కనపడతాయి. లెన్సు ముందు బిగించి తిప్పే పోలరైజింగ్ ఫిల్టర్ ఇక్కడ పనికొస్తుంది. వార్నిష్, గాజు లాంటి ఉపరితలాలని, వాటి తలం నుంచి సుమారు 34 డిగ్రీల వాలులో చూసినప్పుడు, వాటిమీది ప్రతిబింబాన్ని ఈ ఫిల్టర్ దాదాపు పూర్తిగా తీసేయగలదు. కోణం మారేకొద్దీ ఆ శక్తి తగ్గుతుంది. ఉత్త లోహం మీద, అంటే నికెల్ పలక మీద, మామూలుగా ఫిల్టర్ ప్రభావం పెద్దగా ఉండదు. ఫిల్టర్‌ని తిప్పుతూ చూస్తే అందుకే ఒక వింత కనపడుతుంది: పువ్వులు పైకి తేలుతుంటాయి, పక్కనున్న నికెల్ ఏమీ పట్టనట్టు మెరుస్తూనే ఉంటుంది. పూర్తిగా తిప్పేయకండి. ప్రతిబింబమంతా పోతే నల్లపూత మెరుపు కూడా పోయి, మిషను బొగ్గు ముక్కలా అవుతుంది. నేను సగం దగ్గర ఆపేస్తాను.

నికెల్ పలక ముందు మాత్రం మనమే అడ్డం. కెమెరా, చొక్కా, ముఖం అన్నీ అందులో ఉంటాయి. నల్ల చొక్కా వేసుకుని, కెమెరా ముందు ఒక బూడిదరంగు అట్ట కట్టి, దానికి లెన్సు పట్టేంత కన్నం చేస్తే చాలా వరకు తీరిపోతుంది.

ఇప్పుడు అసలు ముడి విడుతుంది. చెక్క పీఠానికి చిన్న లైటు, వాలు కోణం, నీడలు కావాలి. నల్ల ఒంటికి పెద్ద తెల్ల ఉపరితలం, మెత్తటి ప్రతిబింబం కావాలి. రెండూ ఒకే వస్తువులో, ఒకే ఫోటోలో ఉన్నాయి. ఒకే లైటుతో రెండిటినీ సంతృప్తిపరచాలని చూసినన్నాళ్లూ రెండూ చెడతాయి. కిటికీ సందు వెలుతురు వెనక పక్కనుంచి పీఠం మీదుగా పాకేలా పెట్టి, ముందు వైపు తెల్ల అట్టని అదే వెలుతురు తగిలేలా నిలబెడితే, ఒకే కిటికీ రెండు లైట్లుగా పనిచేస్తుంది. ఇందులో ఖర్చయ్యేది ఓపికే. అట్టని రెండంగుళాలు జరపడం, వెనక్కి వచ్చి కెమెరాలోంచి చూడటం, మళ్లీ జరపడం.

కొమ్ము కింద ఖాళీ

గుర్తు ఏదో తేలింది, లైటు తేలింది. ఇప్పుడు ఫ్రేము.

కుట్టుమిషనులో అందరూ చూసేది ఇనుముని. ఫోటోలో ముందు చూడాల్సింది పైకొమ్ముకీ, గుడ్డ పరుచుకునే నల్లటి కింది పలకకీ మధ్య ఉన్న ఖాళీని. గుడ్డ దూరే ఆ సందు ఒక పొడవాటి కిటికీలా ఉంటుంది. ఆ కిటికీలోంచి వెనక గోడ శుభ్రంగా, ఒకే రంగుతో కనపడితే మిషను ఆకారం ఒక్క చూపులో అర్థమవుతుంది. ఆ సందులో బల్ల అంచో, వెనకున్న దారపు రీలో, కరెంటు వైరో దూరిందంటే ఇక ఎంత మంచి లైటు వేసినా ఆకారం తెగిపోతుంది. ముఖ్యంగా బల్ల అంచు. కెమెరాని ఒక అంగుళం దించితే ఆ గీత కిందకి దిగి పీఠం వెనక్కి పోవచ్చు, ఒక అంగుళం ఎత్తితే సూది మెడని కోయవచ్చు. ఇలాంటి చిల్లులు కుర్చీలో, లాంతరులో, కెటిల్ పిడి కింద, ఏ పాత వస్తువులోనైనా ఉంటాయి. వాటిని ముందు సరిచూసుకుంటే సగం కంపోజిషన్ అయిపోయినట్టే.

ఎత్తు విషయంలో ఒక మాట. నిలబడి కిందకి చూస్తూ తీస్తే మిషను చిన్నబోతుంది, పలక మీది గుర్తులు మాత్రం బాగా కనపడతాయి. పలకతో సమానమైన ఎత్తుకి వంగి తీస్తే మిషను ఒక భవనంలా నిలబడుతుంది, కానీ పలక సన్నటి గీతలా మారి గుర్తులు మాయమవుతాయి. నాకు కావాల్సింది చెరిగిన పువ్వు కాబట్టి, పలక ఒక పల్లెంలా తెరుచుకునేంత వరకే కెమెరాని ఎత్తుతాను, పైకొమ్ము పలకని కప్పేయకముందే ఆగుతాను. గుర్తుని ముందు తేల్చుకోవాలని మొదట్లో అన్నది ఇందుకే. కెమెరా ఎత్తుని ఆ పువ్వే నిర్ణయించింది.

దూరాన్ని చాలామంది పట్టించుకోరు. ఫోనులో మామూలుగా వాడే కెమెరా వెడల్పుగా చూసే రకం, ఫ్రేము నిండాలంటే మిషనుకి చాలా దగ్గరికి వెళ్లాలి. అప్పుడు దగ్గరున్న చక్రం పూరీలా ఉబ్బి, దూరంగా ఉన్న సూది కొస కుంచించుకుపోతుంది. ఇది లెన్సు దోషం కాదు, దూరం వల్ల వచ్చేది. మీటరున్నర వెనక్కి జరిగి, ఫోనులో రెండు మూడు రెట్లు దగ్గరగా చూపించే లెన్సు వాడితే భాగాల నిష్పత్తులు సరిగ్గా వస్తాయి. పాత వస్తువులని చేసినవాళ్లు ఆ నిష్పత్తుల మీద ఎంతో శ్రద్ధ పెట్టారు, మనం వాటిని పాడుచేయకూడదు.

ఫ్రేముని మూడు వంతులుగా విడగొట్టి, ముఖ్యమైనదాన్ని ఆ గీతల మీద పెట్టాలనే మూడో వంతు నియమం గురించి అడుగుతారు. ఆ పేరు 1797 నాటి ఒక ఇంగ్లీషు పుస్తకంలో, పల్లె దృశ్యాల చిత్రాల సందర్భంలో కనపడుతుంది. నేలకీ ఆకాశానికీ ఎంతెంత చోటివ్వాలన్న ప్రశ్నకి అది మంచి జవాబే. బల్ల మీద ఒంటరిగా ఉన్న వస్తువుకి మాత్రం దానివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదని నా అనుభవం. అంతకన్నా బరువు ఎటు ఉందో చూడటం మేలు. మిషనులో స్తంభం, చక్రం ఉన్న కుడివైపు బరువు, సూది వైపు తేలిక. చూపు బరువు నుంచి తేలికవైపుకి, కొమ్ము వెంబడి జారి, సూది మీదుగా పలక మీదకి దిగుతుంది. ఆ దిగే చోట, అంటే చెరిగిన పువ్వు దగ్గర, కాస్త ఖాళీ ఉంచితే చూపు అక్కడ నిలుస్తుంది.

పక్కన ఏం పెట్టాలి? దారపు రీళ్లు, కత్తెర, టేపు, బొత్తాలు, ఒక పాత ఫోటో, ఎండిన పువ్వు... ఇవన్నీ పెట్టాలనిపిస్తుంది. నేను కూడా పెట్టాను, తర్వాత ఒక్కొక్కటే తీసేశాను. పక్కన పెట్టిన ప్రతి వస్తువూ తన టెక్స్చర్‌తో వస్తుంది, కన్ను వాటన్నిటి మధ్యా తిరుగుతూ ఉండిపోతుంది. అమెరికన్ ఫోటోగ్రాఫర్ వాకర్ ఎవాన్స్ 1955లో ఫార్చ్యూన్ పత్రిక కోసం పట్టకారు, స్పానర్ లాంటి మామూలు పనిముట్లని ఫోటో తీశాడు. ఒక్కో ఫోటోలో ఒక్కటే పనిముట్టు, వెనక ఉత్త ఖాళీ. వాటి ఉక్కు మెరుపూ ఒంపులూ శిల్పాల్లా నిలబడతాయి. ఇంకో ఫోటోగ్రాఫర్ ఆంద్రె కెర్టేజ్ 1928లో తీసిన ఫోర్కు ఫోటోలో ఉన్నవి ఒక ఫోర్కు, ఒక పళ్లెం, వాటి నీడలు, అంతే. అక్కడ నీడే రెండో వస్తువు. మిషను పక్కన నేను చివరికి ఉంచుకున్నది ఒక ముడతపడ్డ నూలుగుడ్డ. దానికి మెరుపు లేదు, అంచులు మెత్తన, అది పక్కన ఉంటేనే ఇనుము నునుపు తెలుస్తుంది. గుడ్డని ఇస్త్రీ చేసి పెడితే ఆ పని జరగదు.

షార్ప్‌నెస్ గురించి క్లుప్తంగా. వెనకంతా మసకగా ఉంటే అందం అనుకుని అపర్చర్‌ని, అంటే లెన్సులో వెలుతురు దూరే కన్నాన్ని, పూర్తిగా తెరిచేస్తే, సూది మాత్రం షార్ప్‌గా ఉండి పువ్వు మసకబారుతుంది. ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ కన్నం చిన్నదవుతుంది; ఎఫ్/8, ఎఫ్/11 దగ్గర ఉండండి. ఎఫ్/16 దాటితే వెలుతురు సన్నటి కన్నంలో వంగి మొత్తం ఫోటోలోనే సన్నటి వివరం కాస్త మెత్తబడుతుంది. అయినా చాలకపోతే ఫోకస్‌ని ముందునుంచి వెనక్కి జరుపుతూ ఏడెనిమిది ఫోటోలు తీసి కంప్యూటర్లో కలపవచ్చు. స్టాండు తప్పనిసరి, బటన్ నొక్కేటప్పుడు టైమరు పెట్టండి. ఇంకో సంగతి, వెలుతురుని కొలిచే కెమెరా మీటరు ఫ్రేములో ఏమున్నా దాన్ని సగటు బూడిదరంగు చేయాలని చూస్తుంది. ఫ్రేము నిండా నల్ల మిషను ఉంటే దాన్ని కూడా బూడిదరంగు చేసేస్తుంది. ఎక్స్‌పోజర్‌ని ఒక స్టాపు (అంటే వెలుతురు సగానికి), ఒకటిన్నర స్టాపు తగ్గిస్తే నలుపు నలుపుగా ఉంటుంది. నికెల్ మీద రెండు మూడు చుక్కలు పూర్తిగా తెల్లబడితే కంగారుపడకండి, లోహం అలాగే మెరుస్తుంది.

స్లయిడర్, సెపియా, కాగితం

ఎడిటింగ్‌లో టెక్స్చర్, క్లారిటీ, షార్పెనింగ్ అనే మూడు స్లయిడర్లు ఒకేలా అనిపిస్తాయి. మూడూ తేడాలని పెంచేవే, కానీ వేర్వేరు సైజుల్లో. షార్పెనింగ్ వెంట్రుకవాసి అంచుల మీద పనిచేస్తుంది. ఫోటోలు ఎడిట్ చేసే అడోబీ లైట్‌రూమ్‌లో 2019లో వచ్చిన టెక్స్చర్ స్లయిడర్ అంతకన్నా కాస్త పెద్దవైన, చెక్క ఈనెలంత వివరాల మీద పనిచేస్తుంది. క్లారిటీ ఇంకా పెద్ద ప్రాంతాల మీద పనిచేసి, తెల్ల అట్టతో మనం అంత ఓపిగ్గా సాధించిన మెత్తటి చారని ముక్కలు చేసేస్తుంది. వీటిలో ఏదీ లేని నీడని పుట్టించలేదు. ఉన్న తేడానే పెంచుతుంది, దుమ్ముతో సహా. చెక్క పీఠం మీద మాత్రమే కాస్త టెక్స్చర్ పెంచి, నల్ల ఒంటిని వదిలేయడం నా పద్ధతి.

పాత వస్తువు కదా అని సెపియా రంగు అద్దడం అలవాటుగా మారింది. ఒకప్పుడు ఆ రంగు ఒక రసాయన ప్రక్రియ వల్ల వచ్చేది. ప్రింటులోని వెండిని సిల్వర్ సల్ఫైడ్‌గా మారిస్తే అది ఎక్కువకాలం చెడకుండా ఉంటుంది, ఆ సల్ఫైడ్ రంగు గోధుమరంగు. ఈరోజు ఫిల్టరుగా వేస్తే బంగారం, తుప్పు, వార్నిష్, గట్టిపడిన నూనె అన్నీ ఒకే గోధుమరంగులో కలిసిపోతాయి. కాలం ఒక్కోదాన్ని ఒక్కో రంగుకి తిప్పింది, ఆ తేడాలే మనకి కావాలి. రంగు వద్దనుకుంటే నలుపు తెలుపు మేలు. పసుపుని కాస్త వెలిగిస్తే బంగారు పువ్వు నలుపులోంచి పైకి వస్తుంది, నారింజని తగ్గిస్తే తుప్పు లోతుగా కనపడుతుంది.

చివరికి ఫోటో ఏ ఉపరితలం మీదకి చేరుతుందన్నది కూడా ఆలోచించాలి. ఫోను తెర మీద అరంగుళం పువ్వు కనపడదు. అందుకే మొత్తం మిషను ఫోటోతో పాటు ఆ సరిహద్దుని దగ్గరగా ఇంకో ఫోటో తీస్తాను, రెండూ పక్కపక్కన పెడతాను. ప్రింటు వేయిస్తే మెరిసే కాగితం మీద నలుపు లోతుగా వస్తుంది, కానీ అది కూడా మిషనులాగే గదిలోని కిటికీని పట్టి చూపిస్తుంది. మెరుపులేని కాగితం కళ్లకి హాయి, కానీ నలుపు కాస్త పలచబడుతుంది. పైగా కాగితానికి సొంత గరుకు ఉంటే చెక్క ఈనెలతో పోటీపడుతుంది. అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఇర్వింగ్ పెన్ 1972లో కాల్చి పారేసిన సిగరెట్ పీకలని ఏరి తెచ్చి ఫోటోలు తీసి, వాటిని వెండికి బదులు ప్లాటినంతో వేసే పెద్ద పెద్ద ప్లాటినం ప్రింట్లుగా వేశాడు. 1975లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో అవి ప్రదర్శనకి వచ్చాయి. ప్లాటినం ప్రింటులో బూడిదరంగు మెట్లు ఎన్నో ఉంటాయి, పైన మెరుపు ఉండదు. నలిగిన కాగితం, మాడిన పొగాకు, వాటిని చూపించడానికి ఆయన ఎంచుకున్న కాగితం అది. నా మిషను ఫోటోని నేను మెరుపులేని, నున్నటి కాగితం మీద వేయించాను. కిటికీ పక్క గోడకి, ఫోటో తీసినప్పుడు వెలుతురు ఏ దిక్కునుంచి వచ్చిందో గదిలో కూడా ఆ దిక్కునుంచే వచ్చే చోట తగిలించాను.